చిక్కుడుకు చీకటి కావాలి!

తొలకరికి పెట్టిన రెండు గింజలు పందిరెక్కి, గోడ దాటి, పక్కింటి వాళ్ళ రేకుల మీదికీ పాకాయి. ఆకులు అరచేతుల్లా విచ్చుకున్నాయి. బతుకమ్మ పండుగా వచ్చింది. చిక్కుడు తీగకు మాత్రం ఒక్క పువ్వు లేదు!

‘‘ఇంత యూరియా ఎయ్యరాదూ’’ అంటుంది పక్కింటామె.

‘‘అది గొడ్డు తీగ, పీకెయ్యి’’ అంటాడు ఇంటాయన.

ఏటా వందల తీగల ప్రాణం తీసేది ఈ రెండు సలహాలే. మరో మూడు నాలుగు వారాలు ఓపిక పడితే సంక్రాంతి దాకా బుట్టల కొద్దీ కాయలిచ్చే తీగ, కార్తీకం రాకముందే పెంటకుప్పలో పడుతుంది.

2016 అక్టోబరులో కామారెడ్డి జిల్లా ఏర్పడినప్పుడు మండల కేంద్రమైన నస్రుల్లాబాద్‌ చుట్టుపక్కల పొలాలన్నీ వరే. 1931లో పూర్తయిన నిజాంసాగర్‌ నీళ్ళు పారే ప్రాంతం మరి. పొలంలో కూరగాయలకు చోటు తక్కువ కాబట్టి వాటికి మిగిలేది పెరడే. అందులో ఒక్కసారి పెడితే నెలల తరబడి కాసేది చిక్కుడు. ఈమధ్య ఫోన్లో విదేశీ తోటల వీడియోలు చూసి, ఎర్రటి పూల ‘రన్నర్‌ బీన్స్‌’ విత్తనాలు తెప్పించుకుంటున్నవాళ్ళూ ఉన్నారు. అది మెక్సికో, మధ్య అమెరికా దేశాల్లోని చల్లటి కొండప్రాంతాల తీగ. మన ఎండకు పూలు పూసినా పిందె నిలవదు. చూడ్డానికి ముచ్చటే, కూరకు మాత్రం కష్టం. తీగ బీన్స్‌ మీద మనసున్నవాళ్ళకు మన చిక్కుడే దిక్కు. కర్ణాటకలోని నవీన శిలాయుగపు స్థావరాల్లో సైతం చిక్కుడు గింజలు దొరికాయంటే, ఈ నేలకు అదెంత పాత చుట్టమో తెలుస్తుంది.

రాత్రిని లెక్కపెట్టే తీగ

పూత ఎందుకు రాదు? ఎరువు చాలక కాదు, రాత్రి చాలక. పాతకాలపు పందిరి చిక్కుళ్ళు పగలు తగ్గి, రాత్రి పెరిగితేగానీ పూయవు. నస్రుల్లాబాద్‌లో జూన్‌ నెలాఖరుకి పగలు 13 గంటల పైచిలుకు. డిసెంబరులో అది 11 గంటలకు దిగుతుంది. తేడా రెండు గంటలే అయినా తీగ దాన్ని పట్టేస్తుంది. దసరా దాటాక రాత్రులు సాగుతుంటే అప్పటిదాకా ఆకులకు పెట్టిన బలాన్ని పూతవైపు మళ్ళిస్తుంది.

మొక్కలకు ఈ తెలివి ఉందని 1920లో అమెరికా శాస్త్రవేత్తలు గార్నర్‌, అలార్డ్‌ వెల్లడించారు. ఎంతకీ పూయని ఓ పొగాకు రకమే వాళ్ళకు ఆ సంగతి చెప్పింది. 1938లో హామ్నర్‌, బానర్‌ అనే మరో ఇద్దరు మన బీళ్ళలోనూ కనిపించే మరులమాతంగి మొక్క మీద ప్రయోగాలు చేసి, అది లెక్కపెట్టేది పగటిని కాదు, చీకటినేనని తేల్చారు. నిడివైన రాత్రి మధ్యలో కాసేపు దీపం వెలిగించినా చాలు, పూత ఆగిపోయింది!

అందుకే పందిరికి చోటు చూసేటప్పుడు ఎండతోపాటు చీకటినీ చూడాలి. తెల్లవార్లూ వెలిగే వీధిదీపం కిందో, వాకిట్లో లైటు పక్కనో తీగ పెడితే ఆ వెలుగు పడే వైపు పూత ఆలస్యమయ్యే అవకాశం ఉంది. తీగను ఇంకోవైపు మళ్ళించండి, లేదా పడుకునేముందు వాకిట్లో లైటు తీసేయండి. కరెంటు బిల్లూ కలిసొస్తుంది.

ఇంత ఓపిక లేనివాళ్ళకు పొట్టి రకాలున్నాయి. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క జయ్‌, అర్క విజయ్‌లకు రాత్రి లెక్కతో పనిలేదు, పందిరీ అక్కర్లేదు. కుండీల్లోనూ కాస్తాయి. అయితే నెలల తరబడి విడవకుండా కోసుకునే భాగ్యం మాత్రం పందిరిదే.

గుంత, గింజ, పందిరి

వానలు పడగానే, జూన్‌, జులైల్లో గింజ పెట్టాలి. అడుగున్నర లోతు, అంతే వెడల్పున గుంత తీసి, తవ్విన మట్టిలో బాగా చివికిన పశువుల ఎరువు రెండు తట్టలు కలిపి నింపాలి. నల్లరేగడిలో అయితే గుంతను నేలమట్టంగా వదలకుండా పైకి చిన్న దిబ్బలా చేయాలి. నీళ్ళు నిలిస్తే చిక్కుడు వేరు కుళ్ళిపోతుంది. అంగుళం లోతున నాలుగు గింజలు వేసి, మొలిచాక బలమైనవి రెండుంచి తక్కినవి తీసేయాలి.

యూరియా మాటే వద్దు. చిక్కుడు పప్పుజాతి మొక్క. గాలిలోని నత్రజనిని దానికి అందించే బ్యాక్టీరియా వేరు బుడిపెల్లోనే కాపురముంటుంది. పైనుంచి మనం ఇంకా వేస్తే ఆకే పెరుగుతుంది, పూత ఇంకా వెనక్కిపోతుంది. పక్కింటామె సలహా మంచి మనసుతో ఇచ్చిందే, ఫలితమే తలకిందులు.

పందిరి ఆరడుగుల ఎత్తుంటే చాలు. అంతకు మించితే కాయ కోయడానికి స్టూలెక్కాలి. నాలుగు కర్రలు పాతి, పైన వెదురు బద్దలో ఇనుప తీగలో కట్టి, కందికట్టె పరిస్తే సరి. తీగ పైకి చేరగానే కొన తుంచేయాలి. అలా చేస్తే పక్క కొమ్మలు పుట్టి పందిరంతా అల్లుకుంటుంది. ఎక్కువ కొమ్మలంటే ఎక్కువ గెలలు. ఎంతో ముద్దుగా పెంచిన తీగ తల తుంచడానికి చేయిరాని వాళ్ళే ఎక్కువ, ఆ మొహమాటానికి కాయల రూపంలో మూల్యం చెల్లించాల్సిందే.

పూత మొదలయ్యాక నీటి విషయంలో జాగ్రత్త. నేల బీటలు వారేదాకా ఎండగట్టినా, రోజూ బిందెలు గుమ్మరించినా పూత రాలుతుంది. మట్టిని వేలితో తవ్వి చూసి, లోపల పొడిగా ఉంటేనే పోయాలి.

పేనుబంక వచ్చిందా?

చలితోపాటే వచ్చే చుట్టం పేనుబంక. లేత కొనలకూ పూల గెలలకూ నల్లగా అతుక్కుని రసం పీల్చేస్తుంది. చీమలు బారులు తీరి కనిపిస్తే అది వచ్చేసినట్టే, ఎందుకంటే అది విసర్జించే తియ్యటి జిగురు చీమలకు విందు. పొద్దున్నే మంచు తడి ఆరకముందు పొయ్యి బూడిద చల్లడం మన పెద్దలు పాటించిన ఉపాయం. మరీ పట్టిన కొనలను తుంచి పారేసి, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి సాయంత్రం పూట పిచికారీ చేయాలి. అక్కడక్కడా అక్షింతల పురుగులు కనిపిస్తే మాత్రం రెండ్రోజులు ఆగి చూడండి. పేనుబంకను తినిపెట్టే ఉచిత సైన్యం అది.

పూలూ పిందెలూ గూడులా అల్లుకుపోయి ఉంటే లోపల మచ్చల పురుగు ఉన్నట్టు. పెరట్లో ఉండేది ఒకటో రెండో తీగలు కాబట్టి చేత్తో ఏరేయడమే మేలైన మందు. ఎక్కువైతే 50 గ్రాముల వేపగింజల పొడిని లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి చల్లాలి. ఇంట్లోవాళ్ళు మర్నాడే కోసి వండుకునే కాయ మీద ఘాటైన పురుగుమందులు కొట్టడం మాత్రం పొరపాటు. అంతుబట్టని తెగులేదైనా కనిపిస్తే, ఆ ఆకు పట్టుకుని రుద్రూరు కృషి విజ్ఞాన కేంద్రానికి వెళ్ళొచ్చు.

కాయను నాలుగైదు రోజులకోసారి కోస్తూనే ఉండాలి. గింజ ముదిరేదాకా వదిలేస్తే తీగ తన పని అయిపోయిందనుకుంటుంది, కొత్త పూత తగ్గుతుంది. సంక్రాంతికి పందిరి నిండుగా ఉంటుంది. మాఘమాసంలో రథసప్తమి నాడు చిక్కుడుకాయలకు పుల్లలు గుచ్చి సూర్యుడికి రథం కట్టేదీ, చిక్కుడాకుల్లో పరమాన్నం వడ్డించేదీ కాపు ఇంకా ఉండగానే. ముదిరిన గింజలూ వృథా కావు. తెలంగాణలో అనపకాయలంటే ఈ కుటుంబంవే, ఉప్పేసి ఉడికిస్తే సాయంత్రానికి కాలక్షేపం. (కోస్తా చుట్టాలకు ఈ మాట చెబితే సొరకాయ అనుకుంటారు. అక్కడ ఆనపకాయంటే అదే!) ఎండిన గింజలు వండేటప్పుడు మాత్రం రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ నీళ్ళు పోసి మెత్తగా ఉడికించాలి. పచ్చిగా తింటే హాని చేసే పదార్థాలు వాటిలో ఉంటాయి.

విత్తనానికి చివరి కాయలు ఉంచేయడం చాలామందికి అలవాటు. అప్పటికే తీగ అలసిపోయి ఉంటుంది. బాగా కాసిన తీగకు తొలి కాపులోనే నాలుగు మంచి గెలలకు గుర్తుగా గుడ్డపీలిక కట్టి వదిలేయాలి. కాయ తీగ మీదే ఎండి గలగలలాడాక గింజలు తీసి, మరో నాలుగు రోజులు ఆరబెట్టి, బూడిదలో కలిపి సీసాలో పోస్తే పుచ్చుపురుగు దరిచేరదు. సీసా మీద రకం పేరు, ఏ నెలలో పూసిందో రాసి పెట్టుకోండి. వచ్చే బతుకమ్మకు ఇంటాయన ‘‘పీకెయ్యి’’ అన్నప్పుడు చూపించడానికి పనికొస్తుంది.