కంపెనీ మూతపడింది.. తాతయ్య వాచీ రేటు పెరిగినట్టేనా?

బీరువా అడుగున తాతయ్య ఆల్విన్ వాచీ దొరికిందా? 'కంపెనీయే లేదు, ఇక దీని రేటు ఎక్కడికో వెళ్తుంది' అనుకుంటున్నారా? ఆగండి!

హైదరాబాద్ ఆల్విన్ మన ఊరి కంపెనీ. 1942లో మొదలైంది. ఫ్రిజ్‌లు, బస్సు బాడీలతో పాటు 1980ల్లో జపాన్ సీకో సాయంతో వాచీలూ తయారుచేసింది. తర్వాత మూతపడింది. హెచ్‌ఎంటీ వాచీల కంపెనీ మూసివేతకు 2016లో కేంద్రం ఓకే చెప్పింది. మూసేస్తారన్న వార్తలతోనే జనతా, పైలట్ మోడళ్ల కోసం జనం ఎగబడ్డారు. ఆల్విన్‌కి మాత్రం అంత క్రేజ్ రాలేదు.

ఎందుకని? కంపెనీ మూతపడితే కొత్త సరుకు ఆగిపోతుంది, అంతే. రేటు పెరగాలంటే కావాలనుకునేవాళ్లు ఉండాలి. హెచ్‌ఎంటీ దేశమంతా ఇంటింటి జ్ఞాపకం.

గిరాకీతో పాటే నకిలీలూ వస్తాయి. పాత మెషిన్‌కి కొత్తగా రంగేసిన డయల్ బిగించి 'ఒరిజినల్' అంటారు. పాతబస్తీలో మహబూబ్ చౌక్‌లోనో, జుమేరాత్ బజార్‌లోనో పాత వాచీ నచ్చితే, వెనక మూత తీయించి చూశాకే బేరమాడండి. మెషిన్ మీద పేరు, డయల్ మీద పేరు కలవాలి.

తాతయ్య వాచీ ఇంట్లోనే ఉంటే? సర్వీసింగ్ చేయించండి. డయల్ మాత్రం మార్పించొద్దు. మెరుపు వస్తుంది కానీ, విలువ పోతుంది!