సైనిక సేవలో స్త్రీ : మార్గదర్శనము – వివక్ష

వ్యక్తి వికాసానికి ప్రతిభ ఎంత అవసరమో, దానిని గుర్తించి తీర్చిదిద్దే పెద్దల చేయూతయు అంతే అవసరము. సైనిక సేవలో స్త్రీల చరిత్ర ఈ సత్యాన్ని నిరూపిస్తున్నది.

1944లో తిరుపతిలో జన్మించిన పద్మావతి బందోపాధ్యాయ బాల్యంలో మంచం పట్టిన తల్లికి సేవ చేశారు. ఢిల్లీలో వారి పొరుగున నివసించిన ఒక వైద్య ఆచార్యురాలు ఆమెకు ఆదర్శమైనారు. ఆమె పూనాలోని సాయుధ దళాల వైద్య కళాశాలలో చదివి, 1968లో వైమానిక దళంలో చేరారు. 1971 యుద్ధకాలపు సేవకు విశిష్ట సేవా పతకం పొందారు. మన వైమానిక దళంలో ఎయిర్ మార్షల్ హోదా నందుకొన్న తొలి మహిళ ఆమెయే.

వైద్యేతర శాఖలలో స్త్రీల కథ వేరు. సైన్యం ఆ శాఖలలోనికి స్త్రీలను అధికారులుగా తీసుకొన్నది 1992లో, అదియు 5 ఏండ్ల గడువుకే. ఆ గడువు క్రమంగా 14 ఏండ్లకు పెరిగినది. పింఛనుకు మాత్రం 20 ఏండ్ల సేవ కావలెను. గ్రామసీమల నుండి వచ్చిన జవానులు స్త్రీ ఆజ్ఞకు లోబడుటకు మానసికంగా సిద్ధముగా లేరని ప్రభుత్వం వాదించినది. 2020 ఫిబ్రవరి 17న సుప్రీంకోర్టు ఆ వాదాన్ని త్రోసిపుచ్చి, శాశ్వత కమీషనుకు స్త్రీలు అర్హులేనని తీర్పు చెప్పినది.

2021 మార్చి 25 నాటి తీర్పు మరింత లోతుకు పోయినది. స్త్రీలకు శాశ్వత సేవ లేదు గదా యన్న భావముతో పై అధికారులు వారి వార్షిక నివేదికలను అశ్రద్ధగా వ్రాసిరని న్యాయస్థానం గుర్తించినది. వెళ్లిపోవునని తలచిన వ్యక్తికి ఎవరును శ్రద్ధగా దారి చూపరు. తుదకు ఆ అశ్రద్ధయే ఆమె అసమర్థతకు సాక్ష్యమగును. వివక్ష మూలం ఇదియే.

ఈ దోషం సైన్యానికే పరిమితమా? "ఎట్లాగూ పెండ్లయి పోయేదే గదా" అని తలచి, తరగతిలో బాలికల ప్రశ్నలను తేలికగా తీసుకొన్న సందర్భాలు అధ్యాపకులమైన మాకును లేకపోలేదు. జగిత్యాల, కోరుట్లలలో బీడీలు చుట్టే తల్లుల బిడ్డలు, సిరిసిల్ల మరమగ్గాల కార్మికుల బిడ్డలు మన ముందే కూర్చుంటున్నారు. జాతీయ రక్షణ అకాడమీలో శిక్షణ ముగించిన తొలి 17 మంది యువతులు 2025 మే నెలలో పట్టభద్రులైనారు. ఇంటర్మీడియట్ చదివే బాలికకు ఆ ద్వారం నేడు తెరచియున్నది. ఆ సంగతి ఆమెకు చెప్పుట, పరీక్షకు సిద్ధపరచుట కళాశాల కమిటీ వారికిని, మాకును విధి యని మా మనవి.