ముందు ఒక్క పళ్ళచక్రము చాలునా?

సైకిలు ఎరుగని వారు లేరు. కాని కొండదారులు ఎక్కుటకు తయారైన మౌంటెన్ బైకును చూచినప్పుడు చాలమంది మొదట అడుగు ప్రశ్న, "దీనికెన్ని గేర్లు?" అని. గేర్లు ఎక్కువైనకొలది సైకిలు మేలైనదని లోకమున ఒక నమ్మకము. 24 గేర్ల సైకిలు కంటె 10 గేర్ల సైకిలు కొండకు మేలు కావచ్చునని చెప్పినచో వినువారికి వింతగా తోచును. ఎందుచేత మేలో తెలిసికొనుటకు హైస్కూలు గణితమూ, "పని" అను భౌతికశాస్త్ర సూత్రమూ చాలును. ఇది తెలిసినవాడు కొద్ది డబ్బుతోనే తనకు తగిన భాగములను ఏరుకొనగలడు. తెలియనివాడు కొన్న భాగములు ఒకదానితో ఒకటి పొసగక, రెండవసారి డబ్బు పెట్టవలసివచ్చును.

మౌంటెన్ బైకు 1970 దశకములో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున, మారిన్ కౌంటీ కొండలలో రూపుదిద్దుకొన్నది. చాలకాలము ఇట్టి సైకిళ్ళకు ముందు మూడు పళ్ళచక్రములు ఉండెడివి. 2012లో శ్రామ్ సంస్థ ముందు ఒకే చక్రము, వెనుక 11 చక్రములు గల అమరికను ఎక్స్ఎక్స్1 అను పేర వెలువరించెను. అప్పుడది మిక్కిలి ఖరీదైనది. తరువాతి సంవత్సరములలో ఆ పద్ధతి తక్కువ ధర భాగములకు కూడ దిగివచ్చినది.

గేరు అనగా నిష్పత్తి

పెడళ్ళ వద్దనున్న చక్రమునకు 32 పళ్ళు, వెనుక చక్రమునకు 16 పళ్ళు ఉన్నవనుకొందము. పెడలు ఒకసారి తిరిగినచో గొలుసు 32 పళ్ళ మేర కదలును. కావున వెనుక చక్రము రెండుసార్లు తిరుగును. ముందు పళ్ళను వెనుక పళ్ళతో భాగించగా వచ్చు సంఖ్యయే గేరు నిష్పత్తి. నిష్పత్తి పెద్దదైన వేగము హెచ్చు, శ్రమ హెచ్చు. చిన్నదైన వేగము తగ్గును, శ్రమయు తగ్గును.

ఇప్పుడు 24 గేర్ల సైకిలును పరీక్షింతము. ముందు 42, 32, 22 పళ్ళ చక్రములు. వెనుక 11 మొదలు 34 వరకు ఎనిమిది చక్రములు. ఇందు 42ను 26తో భాగించిన 1.62 వచ్చును, 32ను 20తో భాగించిన 1.60 వచ్చును. పేరునకు ఇవి రెండు గేర్లు. కాలికి తెలియు భేదము లేదు. ఇట్టి జంటలు ఇంకను కలవు. కావున 24 అను సంఖ్యను చూచి మురియుట కంటె, మిక్కిలి చిన్న నిష్పత్తి ఎంత, మిక్కిలి పెద్ద నిష్పత్తి ఎంత అని అడుగవలెను. ఇక్కడ చిన్నది 22/34, అనగా 0.65, పెద్దది 42/11, అనగా 3.82.

మరియొక సైకిలుకు ముందు 30 పళ్ళ చక్రము ఒక్కటే. వెనుక 11 మొదలు 46 వరకు పది చక్రములు. చిన్న నిష్పత్తి 30/46, ఇదియు 0.65 మాత్రమే. కొండ ఎక్కుటకు ఉపయోగపడు గేరు ఏమియు తగ్గలేదన్నమాట. పెద్ద నిష్పత్తి మాత్రము 2.73కు దిగినది. 29 అంగుళముల చక్రము ఒక చుట్టు తిరిగిన సైకిలు సుమారు 2.3 మీటర్లు సాగును. నిమిషమునకు 90 సార్లు తొక్కినచో ఈ గేరులో గంటకు 34 కిలోమీటర్ల వేగము వచ్చును. పాతదానిలో 47 వచ్చును. కోల్పోయినది ఈ పైవేగములో తొక్కు అవకాశము ఒక్కటే. రాళ్ళ దారిలో ఆ వేగము పల్లమునందే వచ్చును. అక్కడ తొక్కుట కంటె బ్రేకు పట్టుటయే ఎక్కువ.

కాలిపై పడు బరువు

సైకిలు, మనిషి కలిసి 80 కిలోలనుకొందము. దారి నూరు మీటర్లకు పది మీటర్లు లేచుచున్నది. వాలు వెంబడి వెనుకకు లాగు బలము సుమారు 78 న్యూటన్లు. క్రాంకు పొడవు 170 మిల్లీమీటర్లయిన, ఒక చుట్టులో పాదము నడచు దూరము 1.07 మీటర్లు. ఘర్షణను విడిచి చూచిన, పాదము చేయు పనియు సైకిలు ఎక్కుటకు పట్టు పనియు సమానము. కావున:

ముందు 32, వెనుక 34: ఒక చుట్టుకు సైకిలు సాగునది 2.16 మీటర్లు, పాదముపై సగటు బలము 158 న్యూటన్లు.

ముందు 32, వెనుక 42: 1.75 మీటర్లు, 128 న్యూటన్లు.

ముందు 30, వెనుక 46: 1.50 మీటర్లు, 110 న్యూటన్లు.

సెకనుకు ఒక చుట్టు చొప్పున తొక్కినచో మొదటి గేరునకు సుమారు 169 వాట్ల సామర్థ్యము కావలెను. మూడవదానికి 117 వాట్లు చాలును. అలవాటు లేనివాడు మొదటిదానిని చాలసేపు భరింపలేడు. దిగి సైకిలును నెట్టును. కావున ముందు చక్రమును ఎన్నుకొనునప్పుడు చదునునేలపై వేగమును కాక, తాను ఎక్కవలసిన నిట్టనిలువు దారిని తలచుకొనవలెను.

గొలుసు ఏల జారదు?

ముందు చక్రములు మూడున్నప్పుడు గొలుసును ఒకదానినుండి ఒకదానికి మార్చు పరికరము దానిని దారిలో కూడ ఉంచును. ఒంటి చక్రమునకు ఆ కాపు లేదు. అయినను గొలుసు నిలుచుటకు రెండు ఉపాయములు కలవు. గొలుసు లంకెలలో ఒకటి ఇరుకు, ఒకటి వెడల్పు. ఈ వరుస మారదు. చక్రపు పళ్ళను కూడ ఒకటి సన్నము, ఒకటి లావుగా చేసినచో ప్రతి పన్నును తన లంకెను నిండి పట్టుకొనును. ఇందుచేతనే ఇట్టి చక్రమునకు పళ్ళ సంఖ్య సరిసంఖ్యగా ఉండును. రెండవది, వెనుక గేరు మార్చు డిరైలర్‌లోని క్లచ్చు. కుదుపులకు డిరైలర్ చేయి ముందుకు ఊగి గొలుసు వదులు కాకుండ అది ఘర్షణతో ఆపును. చౌక డిరైలర్లన్నిటికిని క్లచ్చు ఉండదు, అడిగి తీసికొనవలెను.

కొనుటలో వరుస

మొట్టమొదట వెనుక హబ్బును చూడవలెను. తక్కువ ధర సైకిళ్ళలో పళ్ళచక్రముల గుత్తి మరచుట్లతో హబ్బుకు బిగించి ఉండును. దీనిని ఫ్రీవీలు అందురు. రెండవ రకములో ఒకవైపే పట్టు ఏర్పాటు హబ్బులోనే ఉండి, గుత్తి గాళ్ళ వెంబడి జారి కూర్చుండును. ఈ గుత్తి పేరు కాసెట్. భేదము కనుగొనుట సులభము. పళ్ళచక్రములను వెనుకకు తిప్పుడు. పనిముట్టు దూర్చు గాళ్ళు గల నడిమి భాగము వాటితోపాటు తిరిగినచో కాసెట్. కదలక నిలిచినచో ఫ్రీవీలు. పైన చెప్పిన 11–46 వంటి కాసెట్ ఫ్రీవీలు హబ్బుకు ఎక్కదు. అప్పుడు హబ్బునో, చక్రమునంతయునో మార్చవలసివచ్చును. ఈ ఖర్చును ముందే లెక్కలో వేసికొననివాడు తక్కిన భాగములు కొన్న తరువాత చిక్కుపడును.

రెండవది, కాసెట్ రకము. షిమానో వారి డియోర్ ఎం4100 వరుసలో 10 చక్రముల 11–46 కాసెట్, మైక్రోషిఫ్ట్ వారి అడ్వెంట్ వరుసలో 9 చక్రముల 11–42, అడ్వెంట్ ఎక్స్ వరుసలో 10 చక్రముల 11–48 కాసెట్లు, చాలకాలముగా వాడుకలో ఉన్న సాధారణపు గాళ్ళ హబ్బుకే పట్టును. షిమానో 12 చక్రముల 10–51 కాసెట్‌కు మాత్రము మైక్రో స్ప్లైన్ అను వేరు గాళ్ళు కావలెను. ఒకటి రెండు చక్రములు అదనముగా వచ్చునని ఇట్టి దానికి పోయినచో హబ్బు ఖర్చు కూడ మీద పడవచ్చును.

మూడవది, మీటయు డిరైలరును. మీటను ఒకసారి నొక్కిన తీగ ఎంత లాగబడవలెనో, డిరైలర్ ఎంత కదలవలెనో కొలత ప్రకారము నిర్ణయమై ఉండును. తొమ్మిది చక్రముల కాసెట్‌లో ఒక చక్రము నుండి మరియొక చక్రమునకు సుమారు 4.35 మిల్లీమీటర్లు, పదింటిలో 3.95. నాలుగైదు మార్పులకే ఈ స్వల్పభేదము పెరిగి గొలుసు పక్క చక్రమునకు రాచుకొనును. కావున ఈ రెంటిని ఒకే సంస్థవారి ఒకే వరుసలో తీసికొనుట క్షేమము. ఆ డిరైలర్ మోయగల పెద్ద చక్రమెంతయో కూడ చూడవలెను.

నాలుగవది, ముందు చక్రము. పాత మూడు చక్రముల క్రాంకు ఉన్నచో దానిని పారవేయనక్కరలేదు. చక్రములు మేకులతో శాశ్వతముగా కొట్టినవి కాక, బోల్టులతో బిగించినవైనచో వాటిని విప్పి, నడిమి స్థానమున సన్నము–లావు పళ్ళ చక్రమును బిగింపవచ్చును. ఇట్టి క్రాంకులలో అనేకమునకు నాలుగు బోల్టులు 104 మిల్లీమీటర్ల వ్యాసముగల వృత్తముపై సమదూరమున ఉండును. వృత్తము నడుమ క్రాంకు అడ్డము వచ్చుటచే వ్యాసమును కొలుచుట కష్టము. కాని నాలుగు రంధ్రములు ఒక చతురస్రపు మూలలు గదా! పక్కపక్క రంధ్రముల దూరమును కొలిచి 1.414తో హెచ్చవేసిన వ్యాసము తెలియును. 73.5 వచ్చినచో అది 104 వ్యాసమే. దీనికి సాధారణముగా 32 పళ్ళ చక్రము తగును.

చౌకగా నిలుపుకొనుట

కాసెట్ ఉక్కుదైన బరువు హెచ్చు, ధర తక్కువ, అరుగుదలయు తక్కువ. కొద్ది బరువు తగ్గుటకు అల్యూమినియమునకు పోవుట కొద్ది డబ్బువానికి తగదు. అన్నిటికంటె చౌకయైనది గొలుసు. దానిని అశ్రద్ధ చేసిన అది ఖరీదైన కాసెట్‌ను తినివేయును. పిన్ను నుండి పిన్నుకు 12.7 మిల్లీమీటర్లు, అట్టివి 24 కలిసి 304.8. ఉక్కు స్కేలుతో కొలువుడు. 9, 10 చక్రముల గొలుసైన ఈ పొడవు 307 చేరకముందే, 11, 12 చక్రములదైన 306 దాటగనే మార్చవలెను. సాగిన గొలుసు పళ్ళ నడుమ సరిగా కూర్చుండక వాటిని కొక్కెములవలె అరగదీయును. అటు తరువాత కొత్త గొలుసు వేసినను అది జారును.

ఉపాధ్యాయులు ఒక తరగతిలో ఈ లెక్కలను చేయింపవచ్చును. పిల్లలు తమ సైకిళ్ళ పళ్ళను లెక్కపెట్టి, పెడలు ఒక చుట్టు తిప్పి సైకిలు సాగిన దూరమును టేపుతో కొలిచి, లెక్కతో సరిచూచుకొందురు. ఆ రెండును కలిసినప్పుడు, భాగములను అమ్మువాని మాట కంటె తన లెక్క గట్టిదని విద్యార్థికి తెలిసివచ్చును.