డాక్టరు గారి మాట ఇంటిదాకా రావాలి



ఏటా ఈ సంచికలో పిల్లల చదువుల గురించి రాస్తుంటాం. ఈసారి వాళ్ల నానీలు, దాదాల ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పాలనుకుంటున్నాం.

మా సభ్యుల్లో ఒకరి తల్లికి డెబ్బై ఏళ్లు దాటాయి. చాలాకాలంగా షుగరు ఉంది. పోయినసారి చూపించుకున్నప్పుడు డాక్టరు గారు పాత మాత్ర ఆపి, కొత్తది మొదలుపెట్టమన్నారు. ఆమెకు గుర్తున్నది "కొత్తది వేసుకోమన్నారు" అన్న ముక్క ఒక్కటే. రెండూ వేసుకున్నారు. మూడోరోజు ఫజర్ నమాజుకు వుజూ చేసుకుంటూ తొట్టి దగ్గరే కూలబడ్డారు. షుగరు బాగా పడిపోయింది. స్పృహ ఉండగానే చక్కెర నీళ్లు తాగించారు కాబట్టి, అల్లాహ్ దయవల్ల గండం గడిచింది. డాక్టరు గారు సరిగానే చెప్పారు. మాట ఇల్లు చేరేలోపు సగం జారిపోయింది.

ఇది ఆమె ఒక్కరి మరపు కాదు. డాక్టర్లు చెప్పినదాంట్లో 40 నుంచి 80 శాతం దాకా రోగులు వెంటనే మరిచిపోతారని, గుర్తున్నదాంట్లోనూ దాదాపు సగం తప్పుగా గుర్తుంటుందని 2003లో ఇంగ్లండు వైద్య పత్రికలో వచ్చిన ఒక వ్యాసం చెప్పింది. వయసు, ఆందోళన తోడైతే మరపు ఇంకా ఎక్కువవుతుంది.

మన సోమశిల, ఉదయగిరి ప్రాంతాల్లో మరికొన్ని ఇబ్బందులున్నాయి. పెద్ద డాక్టరు కావాలంటే నెల్లూరు వెళ్లాలి. ఆత్మకూరు నుంచే అది సుమారు 60 కిలోమీటర్లు. బస్సు అలసటతో వెళ్లి, వరుసలో కూర్చుని, లోపల అయిదు నిమిషాలు మాట్లాడతారు. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, డాక్టరు చెప్పేది తెలుగు, చీటీ మీద రాసేది ఇంగ్లీషు. మందులు చూసుకోవాల్సిన కొడుకేమో కువైట్‌లో ఉంటాడు.

దీనికి చేతిలోని ఫోనే సగం మందు. డాక్టరు గారి మాటలు రికార్డు చేసుకుంటే ఇంట్లో తీరిగ్గా వినవచ్చు. అమెరికాలో డార్ట్‌మౌత్ పరిశోధకులు వృద్ధుల కోసం ఇదే పద్ధతిని పరిశీలించారు. చాలా కీప్యాడ్ ఫోన్లలో కూడా రికార్డరు ఉంటుంది.

ముందుగా అనుమతి అడగాలి. "డాక్టరు గారూ, అమ్మకు మరపు ఎక్కువ. మీరు చెప్పేది ఇంట్లో వినిపించుకోడానికి రికార్డు చేసుకోవచ్చా?" అంటే చాలు. దొంగచాటుగా చేయవద్దు. వద్దంటే నొచ్చుకోకుండా నోటు పుస్తకంలో రాసుకోండి, లేదా మందుల సంగతి చివర్లో ఒక్కసారి నిదానంగా చెప్పమని కోరండి.

మధ్యలో కాల్ వచ్చి ఆగకుండా ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో ఉంచండి. మొదట తేదీ, డాక్టరు పేరు చెప్పండి. బయటకు వచ్చేముందు మూడు ప్రశ్నలు అడగండి: ఏ మాత్ర ఆపాలి? ఏది తిండికి ముందు, ఏది తర్వాత? రంజాన్‌లో ఉపవాసం ఉండవచ్చా, ఉంటే సహరీకి, ఇఫ్తార్‌కు మందు ఎలా మార్చాలి? ఆ రాత్రే ఇంట్లో అందరూ కూర్చుని విని, వేళలు కాగితం మీద రాసి మాత్రల డబ్బాకు అంటించండి.

మందు మారాక పాత రికార్డు విని నడుచుకోవద్దు. కొత్త బాధ ఏదైనా వస్తే రికార్డు వెతకడం మాని డాక్టరును కలవండి.

ఆ రికార్డు ఒక అమానత్. అందులో ఆమె శరీరం గురించిన మాటలుంటాయి. ఎవరు వినాలో ఆమే చెప్పాలి. వాట్సాప్ గ్రూపుల్లో పెట్టడం, డాక్టరుతో తగవుకు వాడటం తగదు.

తోడు ఎవరూ లేని పెద్దల వెంట చదువుకున్న పిల్లను గానీ పిల్లాడిని గానీ ఆసుపత్రికి పంపాలని మేము అనుకుంటున్నాం. వారికి బస్సు చార్జీలు, మధ్యాహ్న భోజనం, ఫోన్ లేని ఇళ్లకు ఒక మామూలు ఫోన్ కావాలి. పెద్ద ఖర్చేమీ కాదు. మీరిచ్చే కొద్దిపాటి సాయంతో ఒక తల్లి తన మందు తాను సరిగ్గా వేసుకోగలుగుతుంది. ఆమె దుఆలో మీ పేరూ ఉంటుంది.