కంప్యూటరు తెరకు దుబాసీ



గండిపేట యనగానే 1908 నాటి మూసీ వరదకు పిమ్మట కట్టి 1920లో ముగించిన జలాశయము తలపునకు వచ్చును. 1979లో చైతన్య భారతి ఇంజనీరింగు కళాశాల యిచట వెలసిన పిదప ఈ యూరి పేరు చదువులకును వ్యాపించినది. చదువుకొను మనుమలున్న యిండ్లలోనికి కంప్యూటరులు వచ్చినవి. వానివెంట నొక క్రొత్త వ్యయమును వచ్చినది. తెర మినుకుమినుకుమనును, బొమ్మ చెదరును. "గ్రాఫిక్సు కార్డు కాలినది, క్రొత్తది వేయవలె" నని బాగుచేయువాడు చెప్పును. తాత సంచి విప్పును. నిజముగా కార్డు చెడుటయు కలదు. కాని చెడినది కార్డు గాక దాని దుబాసీ యగుటయు కలదు. దుబాసీని మార్చుటకు కాసైన నక్కరలేదు.

గ్రాఫిక్సు కార్డనగా తెరపై బొమ్మలను లెక్కగట్టి గీయు భాగము. కొన్నిటిలో నది వేఱు పలక. కొన్నిటిలో ప్రాసెసరునందే యిమిడి యుండును. విండోసుది యొక భాష, కార్డుది మఱియొక భాష. వెనుక కంపెనీ దొరలకును మన వర్తకులకును నడుమ దుబాసీ నిలిచినట్లు, వీని నడుమ నిలుచు సాఫ్టువేరునే డ్రైవరందురు. బండి తోలువాడని భ్రమపడరాదు.

దానిని పరీక్షించు విధము: స్టార్టు గుఱుతుపై మౌసు కుడిమీట నొక్కిన పట్టిక వచ్చును. అందు డివైజ్ మేనేజరును, దానిలో డిస్‌ప్లే అడాప్టర్స్ అను పంక్తిని తెఱవుడు. కార్డు పేరు కానవచ్చును. పేరునకు మాఱుగా మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని యున్నచో తగిన దుబాసీ కొలువులో లేడని యర్థము. పేరుపై రెండుమార్లు నొక్కి డ్రైవరు పుటను చూచిన తేదీయు, సంఖ్యయు తెలియును. ఇచట నొక వింత కలదు. మైక్రోసాఫ్టువారు విండోసుతో నిచ్చు తమ డ్రైవరులపై, అవి యెంత క్రొత్తవైనను, 2006 జూన్ 21 అను తేదీనే వేయుదురు. కార్డు తయారుచేసినవారి డ్రైవరు తేదీ దానికంటె క్రొత్తదై నిలుచుటకై చేసిన యేర్పాటిది. పంచాంగమునకు అలవడిన మనకిది యబద్ధమువలె తోచును గాని, ఆ తేదీని చూచి పాతబడినదని యెంచరాదు.

క్రొత్త డ్రైవరును విండోసు అప్‌డేటు నుండి గాని, కార్డు చేసినవారి వెబ్‌సైటు నుండి గాని గ్రహింపవలెను. ల్యాప్‌టాపైనచో దానిని చేసిన సంస్థవారిది మొదట చూచుట మేలు. "మీ డ్రైవరులు పాతబడినవి" అని తెరపై నుఱుకు ప్రకటనలను నమ్మరాదు. ఎన్విడియా, ఏఎండీ సంస్థలకు హైదరాబాదులోనే కార్యాలయములు కలవు. అయినను అచటినుండి మాటలాడుచున్నామని మీరు కోరకయే ఫోను చేసి డబ్బడుగువాడు మోసగాడే.

చక్కగా పనిచేయు డ్రైవరును ఊరకే నెలనెల మార్చుట నాకు సమ్మతము కాదు. భద్రతాలోపములను పూడ్చుటకు వచ్చినదానిని మాత్రము వాయిదా వేయరాదు. డ్రైవరు వ్యవస్థకు గుండెయొద్ద నుండును. అచట పొరపాటు జరిగిన యంత్రమే నిలిచిపోవును. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ వారి రక్షణ సాఫ్టువేరునకు వచ్చిన యొక దోషయుక్తమగు నవీకరణముచే ప్రపంచమున సుమారు 85 లక్షల విండోసు యంత్రములు కూలినవి. అదియు డ్రైవరుగా వ్యవస్థ లోతున పనిచేయునదే. ఆనాడు మన శంషాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు చేతివ్రాత చీటీల నిచ్చిరి.

కావున వెనుకకు మరలు త్రోవను ముందే యెఱిగియుండవలెను. ఆ డ్రైవరు పుటలోనే రోల్ బ్యాక్ డ్రైవరను మీట కలదు. పాతది నిలువయున్నచో దానిని మరల కొలువునకు దెచ్చును. తెర హఠాత్తుగా నల్లబడినచో విండోసు, కంట్రోలు, షిఫ్టు, బి అను నాలుగు మీటలను ఒక్కసారి నొక్కి చూడుడు. దుబాసీ మరల మేల్కొనవచ్చును.

ఇక కార్డుదే దోషమా యన్నచో, యంత్రమును వెలిగించినతోడనే తయారీదారు ముద్ర కానవచ్చు క్షణమును గమనింపుడు. అప్పటికి విండోసు డ్రైవరింకను పనిలోనికి రాలేదు. ఆ క్షణముననే చుక్కలు, చారలు కనబడినచో దుబాసీ నిర్దోషి. తీగను, తెరను మార్చి చూచినను అవి పోనిచో బాగుచేయువానిని పిలువుడు.