జవాబు చెప్పేయకండి... ఒక ప్రశ్న వేయండి!

విశాఖ ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో కూర్చుని చదివే అలవాటుంటే ఈ సన్నివేశం మీకు కొత్త కాదు. పక్క కుర్చీలోని జూనియర్ పుస్తకం మీ వైపు జరిపి, ‘అన్నా, 0.6 అంటే 6 శాతమే కదా?’ అని గుసగుసగా అడుగుతాడు. మీరు మాక్ టెస్టు మధ్యలో ఉన్నారు. ‘కాదు, 60’ అనేసి మళ్లీ తల దించుకుంటారు. పది నిమిషాలు పోయాక అతడే 0.07 పక్కన 70 శాతం అని రాసుకుంటాడు. మీరు చెప్పింది తప్పు కాదు. కాకపోతే అతడికి అందింది ఒక అంకె మాత్రమే.

లాభనష్టాలు, వడ్డీ, డేటా ఇంటర్‌ప్రిటేషన్... ఏ పోటీ పరీక్ష తీసుకున్నా అరిథ్‌మెటిక్‌లో సగం చోట్ల శాతమే నడుస్తుంది. ‘పాయింటును రెండు స్థానాలు జరిపితే చాలు’ అని అందరికీ తెలుసు. ఒత్తిడిలో ఎటు జరపాలో మర్చిపోవడంతోనే గొడవంతా.

అందుకని రూలు చెప్పకుండా ఇలా అడిగి చూడండి: ‘0.6 రూపాయి అంటే ఎన్ని పైసలు?’ 60 అని అతడే చెబుతాడు. ‘మరి 0.07 రూపాయి?’ ఏడు పైసలు. రూపాయికి వంద పైసలు, శాతమన్నా నూటికి ఎంత అనే. మన ఊళ్లలో ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే నూటికి నెలకు రెండు, ఏడాదికి 24 శాతం. ఈ లెక్క ఇంట్లో అమ్మకు కాగితం అక్కర్లేకుండా వచ్చు. తరగతి గదిలోకి వచ్చేసరికి అదే లెక్క మనకు పరాయిదైపోతుంది, ఎందుకో!

భిన్నాలకూ ఇదే దారి. 3/8 ఎంత శాతమని అడిగితే 37.5 అని చెప్పేయకండి. ‘ముందు చెప్పు, సగం కంటే ఎక్కువా, తక్కువా?’ అనండి. తక్కువ అంటాడు. ‘పావు కంటే?’ ఎక్కువ. అంటే జవాబు 25కీ 50కీ మధ్య ఇరుక్కుంది. నాలుగు ఆప్షన్లలో రెండు అక్కడే ఎగిరిపోవచ్చు. ఆ తర్వాత ‘వందను ఎనిమిది మందికి సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఎంత?’ అనండి. పన్నెండున్నర. ముగ్గురి వాటా అతడే కూడుకుంటాడు. 1/8ని పూర్వం ‘పరక’ అనేవారు, 1/16ని ‘వీసం’ అనేవారు. వీసమంటే 6.25 శాతం. ‘వీసమెత్తు కూడా లేదు’ అన్న మాటలో ఉన్నది ఆ వీసమే. షార్ట్‌కట్ పట్టికల మీద నాకేమీ కోపం లేదు, కంఠతా పట్టండి. కానీ 1/8 పట్టిక వచ్చిన కుర్రాడు 5/8 దగ్గర ఆగిపోతే ఆ పట్టిక అతడికి ఇంకా వంటబట్టలేదన్నమాట.

అసలైన తికమక 0.25కీ 0.25 శాతానికీ మధ్య ఉంటుంది. దీన్ని విడదీయడానికి మన ఉక్కును మించిన ఉదాహరణ లేదు. ఇళ్ల నిర్మాణానికి వాడే ఎఫ్‌ఈ 500డి రకం కడ్డీలో కార్బన్ 0.25 శాతానికి మించకూడదని ఐఎస్ 1786 ప్రమాణం చెబుతుంది. ‘టన్ను కడ్డీలో గరిష్ఠంగా ఎన్ని కిలోల కార్బన్ ఉండొచ్చు?’ అని మీ జూనియర్‌ను అడగండి. ‘250 కిలోలు’ అన్నాడనుకోండి, తప్పని మాత్రం అనకండి. ‘అయితే కడ్డీలో పావు వంతు కార్బనేనా?’ అనండి, చాలు. ఆ తర్వాత మీరు నోరు మెదపకూడదు. అన్నిటికంటే కష్టమైన పని అదే. అవసరమైతే మనసులో పది లెక్కపెట్టుకోండి. దారి దొరక్కపోతే ఇంకొక్క చిన్న ప్రశ్న: ‘టన్నులో 1 శాతం ఎన్ని కిలోలు?’ పది. ‘అందులో పావు?’ రెండున్నర కిలోలు! బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి వచ్చే ద్రవ ఇనుములోనే కార్బన్ దాదాపు 4 శాతం, అంటే టన్నుకు 40 కిలోలు ఉంటుంది. దాన్ని తగ్గించడానికే తర్వాత ఆక్సిజన్ ఊది ఉక్కుగా మారుస్తారు. ఇది తెలిసిన వాడు 250 అనే అంకెను మళ్లీ నమ్మడు.

సైన్సు విద్యార్థి అయితే బైలదిలా ఖనిజం గురించి అడగండి. కిరండూల్ రైలు మార్గంలో విశాఖకు చేరే ఆ ఖనిజంలో ప్రధానంగా ఉండేది హెమటైట్. రెండు ఇనుము పరమాణువులు (ఒక్కొక్కటి 56), మూడు ఆక్సిజన్ పరమాణువులు (ఒక్కొక్కటి 16). అంటే 160లో 112, అది 7/10, అంటే 70 శాతం ఇనుము. ‘మా హెమటైట్‌లో 75 శాతం ఇనుముంది’ అని ఎవరైనా అంటే నమ్మాలో వద్దో అతడే తేల్చుకుంటాడు.

శాతం వంద దాటుతుందా అన్నది మరో సందేహం. విశాఖ ఉక్కు కర్మాగారం మొదటి సామర్థ్యం ఏడాదికి 30 లక్షల టన్నులు, తర్వాత 73 లక్షలకు చేరింది. 73ను 30తో భాగిస్తే సుమారు 2.43, అంటే 243 శాతం. మరి పెరిగింది ఎంత? 143 శాతమే. ఆప్షన్లలో రెండూ పక్కపక్కనే ఉంటాయి, చూసుకోండి.

రేపు పొద్దున్నే పరీక్ష పెట్టుకుని రాత్రి పదింటికి అడిగేవాడి దగ్గర మాత్రం ఈ ప్రశ్నల వేషాలు వద్దు. చెప్పేసి పంపించండి. మిగతా రోజుల్లో మీ ఐదు నిమిషాలు వృథా పోవు. డీఎస్సీకి చదువుతున్నా, ట్యూషన్లు చెబుతున్నా, ప్రైవేటు స్కూల్లో డెమో క్లాసుకు వెళ్తున్నా ఈ అలవాటు అక్కరకొస్తుంది. పైగా చిన్న ప్రశ్న తయారు చేయలేకపోతే మీకూ ఆ లెక్క సగమే వచ్చినట్టు.

ఇక మాక్ టెస్టు అయ్యాక జూనియర్ ‘అన్నా, నాకు 80 శాతం!’ అంటూ వస్తాడు. ఆర్‌ఆర్‌బీ ఎన్‌టీపీసీ మొదటి దశ తరహాలో 100 ప్రశ్నల పేపరు అది, తప్పుకు 1/3 మార్కు కోత. 75 ప్రశ్నలు రాశాడు, 60 ఒప్పు, 15 తప్పు. 60/75 నిజంగా 80 శాతమే. కోత పోగా వచ్చిన మార్కులు 55. శుభాకాంక్షలు చెప్పే ముందు ఒక్క మాట అడగండి: ‘దేనిలో 80 శాతం, తమ్ముడూ?’