సినిమా దాచుకున్న సూక్ష్మజీవులు

పిల్లలూ! హైదరాబాదులో షేక్‌పేట పక్కనున్న ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ మన సినిమాకు మెట్టినిల్లు. పుట్టినిల్లు మద్రాసు. అక్కడ 1921లో రఘుపతి ప్రకాశ్ తీసిన "భీష్మప్రతిజ్ఞ" అనే మూకీ చిత్రాన్ని ఇప్పుడు చూద్దామన్నా దొరకదు. ఆ కాలపు ఫిల్ము ఇట్టే అంటుకునేది, దాచినా ఏళ్లు గడిస్తే పాడయిపోయేది. సినిమా తీయటం ఒక ఎత్తు, దాచటం మరొక ఎత్తు.

ఈ దాచే పనిని కంటికి కనిపించని జీవిచేత చేయించి చూశారు శాస్త్రజ్ఞులు. మన పేగులలో కాపురముండే ఇ. కోలై అనే బాక్టీరియా అది.

దానికి కళ్లు లేవు. ఎండ తిని బతికే మరొక సూక్ష్మజీవి వెలుగును పసికట్టగలదు. 2005లో అమెరికాలో కొందరు ఆ శక్తినిచ్చే జన్యువును తెచ్చి కోలైలో అమర్చారు. చీకట్లో ఉన్న కోలై నల్లరంగు చేస్తుంది, ఎర్రని వెలుగు పడితే మానుతుంది. పళ్లెంనిండా వాటిని పెంచి, పైన బొమ్మ నీడ పడనిస్తే పళ్లెమే ఫొటో అయింది!

2009లో ఆ బృందంవారే బొమ్మ అంచును మాత్రం గీయించారు. మీరైతే బొమ్మంతా చూసి పెన్సిలుతో గీస్తారు. కోలైకి తాను ఉన్నచోటు తప్ప మరేమీ తెలియదు. అందుచేత రెండు నియమాలు పెట్టారు. చీకట్లో ఉన్నది ఒక రసాయనాన్ని వదలాలి. అది కొద్ది దూరమే పాకుతుంది. తనమీద వెలుగు పడుతూ, పక్కనుంచి రసాయనం కూడా అందితేనే నల్లరంగు చెయ్యాలి. నడిచీకట్లో వాటికి వెలుగు లేదు, నడివెలుగులో వాటికి రసాయనం అందదు. ఇక నల్లబడేవి సరిహద్దున ఉన్నవే!

బడిలో చెట్టునీడన ఈ ఆట ఆడి చూడండి. నీడలో వాళ్లు మెల్లిగా "ఓ" అనాలి. ఎండలో ఉండి అది విన్నవాళ్లే చెయ్యెత్తాలి.

కంప్యూటరు తర్కమూ ఇలాంటిదే. అక్కడ తీగలు, ఇక్కడ జన్యువులు. ఒక జన్యువు చేయించే మాంసకృత్తు మరొక జన్యువును పనికి పురికొల్పుతుంది, లేదా ఆపుతుంది.

మరి జ్ఞాపకం మాటేమిటి? బాక్టీరియామీద కూడా వైరసులు దాడి చేస్తాయి. దాడిచేసిన వైరసు డి.ఎన్.ఏ. నుంచి ఒక ముక్క కోసి, తన డి.ఎన్.ఏ.లో అతికించుకునే అలవాటు చాలా బాక్టీరియాలకు ఉన్నది, పోలీసుస్టేషనులో దొంగల ఫొటోలు అంటించినట్టు! కొత్త ముక్క ముందు చేరుతుంది, పాతది వెనక్కి జరుగుతుంది. కనుక ఏది ఎప్పుడు వచ్చిందో వరుస చెడదు.

2017లో హార్వర్డు శాస్త్రజ్ఞులు దీన్నే వాడుకున్నారు. పరుగెత్తే గుర్రం బొమ్మలు అయిదింటిని డి.ఎన్.ఏ.లోని నాలుగక్షరాల భాషలోకి మార్చి, రోజుకొక బొమ్మ చొప్పున అయిదు రోజులు కోలైకి అందించారు. తరవాత వాటి డి.ఎన్.ఏ.ను చదివి వరుసగా పేరిస్తే గుర్రం పరుగెత్తింది! నూటికి తొంభైపాళ్లు సరిగానే వచ్చింది.

అయితే ఒక్కొక్క బొమ్మ అడ్డంగా 36 చుక్కలు, నిలువుగా 26 చుక్కలు, అంతే. ఏ ఒక్క కోలైలోనూ సినిమా అంతా లేదు; తలా కాసిని ముక్కలు దాచుకున్నవి, అన్నిటినీ కలిపి చదవవలసివచ్చింది. "భీష్మప్రతిజ్ఞ" వంటి నిండు చిత్రాన్ని దాచాలంటే ఇది ఏ మూలకూ చాలదు. పైగా కోలై పిల్లలను పెట్టేటప్పుడు డి.ఎన్.ఏ. నకలులో అక్కడొకటి అక్కడొకటి అక్షరం తప్పు పోతుంది.

అన్నట్టు, ఆ గుర్రం పేరు ఆనీ జి. మైబ్రిడ్జి అనే ఆయన దానికి తీసిన ఫొటోలు 1887లోనే అచ్చయినవి.